కుడి పక్క సీటు

మా బండికి స్టీరింగు ఎడమ పక్క ఉండేది. అమెరికాలో తయారైన పాత బండి. తలుపులు రెండే, బానెట్ మాత్రం ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత. దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజను. స్టార్టు చేస్తే అల్మారాలో గ్లాసులు కదులుతున్నాయని పక్కింటివాళ్ళు చెప్పుకునేవారు. మన రోడ్ల మీద అలాంటి బండి నడిపేవాడికి ఒక చిక్కు ఉంది. ముందు లారీ పోతూ ఉంటే, దాని అవతల ఎదురుగా ఏమి వస్తోందో ఎడమ పక్క కూర్చున్నవాడికి కనపడదు. కుడి పక్క కూర్చున్నవాళ్ళే చూసి చెప్పాలి.

ఆ కుడి పక్క సీటు నాది. "వస్తా ఉండాది, ఆగండి" అంటే మా ఆయన ఆగేవారు. "ఇంక పోండి" అంటే ఒక్క క్షణం ఆలోచించకుండా తొక్కేవారు. ఇంటి విషయాల్లో నా మాట ఏ ఒక్కటీ అంత తొందరగా చెల్లలేదని నేను దెప్పేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు. మా మేనమామ కొడుకే ఆయన, చిన్నప్పటినుంచి నా నోటికి అలవాటు పడిన మనిషి.

ఆ బండి మాకు మదురై దగ్గర వాడిపట్టిలో దొరికింది. దూరపు చుట్టాల ఇంట్లో పెళ్ళికి వెళ్ళాం. ఇంటి వెనక పశువుల కొట్టంలో, జొన్నచొప్ప కట్టల కింద, బండి దీపం ఒకటి కన్నులా ఆయనకి కనిపించింది. ఇక మనిషి పందిట్లోకి రాలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. తాళి కట్టే వేళకి అందరూ అక్షింతలు పట్టుకుని నిలబడితే, ఈయన పట్టుపంచె ఎగ్గట్టి బండి కింద పడుకుని ఉన్నారు. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి. ఆ ఇంటి పెద్దాయన వచ్చి చూసి, "మదురై మిల్లులో పని చేసిన దొర ఒకడు పోతా పోతా మా నాయనకి ఇచ్చిపోయినాడు. ఇది కదిలి శానా కాలమాయె. తీసకపోతే పుణ్యం, కొట్టంలో ఇంకో ఆవు పడుతుంది" అన్నాడు.

లారీ మీద ఎక్కించి కోయంబత్తూరు తెచ్చాం. ఆర్.ఎస్. పురంలో మా ఇల్లు పాతకాలపుది, వెనక పెద్ద రేకుల షెడ్డు ఉంది. బండి దింపుతూ ఉంటే మా అత్తగారు వసారాలో నిలబడి చూసి, "సచ్చిన ఎద్దును కొనుక్కొచ్చినాడే నా కొడుకు" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజంతా కొడుకుతో మాట్లాడలేదు.

ఇంజను పట్టేసి ఉంది. సిలిండర్లలో కిరోసిను, డీజిలు కలిపి పోసి, పొద్దున్నే క్రాంకు మీద పానా వేసి కదిలించి చూడడం ఆయనకి సంధ్యావందనం అయింది. కదిలేది కాదు. ఇంకొంచెం పోసి, చేతులు తుడుచుకుని, ఇనుము పోత పోసే మా ఫౌండ్రీకి వెళ్ళిపోయేవారు. వానాకాలం వచ్చి పోయింది. ఒక పొద్దున నేను పళ్ళు తోముకుంటూ ఉంటే షెడ్డులోనుంచి నన్ను పిలిచారు. క్రాంకు వెంట్రుకవాసి కదిలింది. పానా నా చేతికిచ్చి, నన్నూ ఒకసారి తిప్పి చూడమన్నారు. నోట్లో పేస్టు నురుగుతోనే తిప్పాను. కదిలింది. నాకు పెళ్ళినాటి సంగతులు చాలా మరపుకొచ్చాయి గానీ ఆ పొద్దు మాత్రం మరిచిపోలేదు.

ఆ తర్వాత నేనూ అందులో పడ్డాను. నాలుగు గొంతుల కార్బురేటరు, దానిలో పెట్రోలు చిమ్మే, సూది మొనంత బెజ్జాలు ఉన్న జెట్లు. ఆయన వేళ్ళు లావు, ఆ జెట్లు కడగడం నా పని అయింది. మల్లెపూలు కట్టే వేళ్ళకి ఇత్తడి జెట్లు కష్టం కాదు. వైర్లన్నీ ఎలుకలు కొట్టేశాయి, వాటిని మళ్ళీ వేశాం. బ్రేకు రబ్బర్లు ఒకచోట, గాస్కెట్లు ఒకచోట కోయించాం. ఈ ఊళ్ళో లేత్ లేని వీధి లేదు కాబట్టి, బొమ్మ గీసి ఇస్తే ఏ ముక్కైనా తయారవుతుంది.

నీళ్ళ పంపు దగ్గర మాత్రం మా పరువు పోయింది. ఇంజను చుట్టూ నీళ్ళు తిప్పే చిన్న పంపు అది, తుప్పు తిని చిల్లులు పడింది. మా ఫౌండ్రీలో తరతరాలుగా పోసేది బావి మోటార్ల పంపులే. ఈయన టేకుతో అచ్చు చెక్కించి, ఇనుముతో పోత పోయించి, లోపలి చక్రం రెక్కలు ఇంకాస్త పెద్దవిగా పెట్టారు. పంపు అంటే ఎంత ఎక్కువ నీళ్ళు తోడితే అంత మంచిదని కదా ఈ ఊరి రైతు లెక్క. పైగా నీళ్ళు వేడెక్కేదాకా దారి మూసి ఉంచే థర్మోస్టాట్‌ని అనవసరమని పీకి పారేశారు. ఎండాకాలం నడిమధ్యాహ్నం కూడా ఆ ఇంజను పెట్రోలు సరిగ్గా కాలేంత వేడెక్కలేదు. నల్లపొగ కక్కుతూ, పెట్రోలు తాగుతూ, జ్వరం వచ్చినవాడిలా వణికేది. "రెక్కలు తగ్గించండి బావా" అని నేను చెబితే, తప్పు కార్బురేటరుదని అన్నారు, అంటే నాదని. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆఖరికి ఒకనాడు నాకు చెప్పకుండా రెక్కలు కోయించి, కొత్త థర్మోస్టాటు పెట్టించి, ఇంజను సరిగ్గా పాడుతూ ఉంటే, ఏమీ జరగనట్టు కాఫీ అడిగారు.

ఆ తర్వాత ఆదివారాలు అన్నూరు దగ్గర మా పత్తి చేనుకి ఆ బండిలోనే వెళ్ళేవాళ్ళం. అప్పుడప్పుడు మదురై దాకా. నేను కుడి పక్క కూర్చుని ఉంటాను కాబట్టి ట్రాఫిక్ కానిస్టేబులు నా కిటికీ దగ్గరికే వచ్చేవాడు. "లైసెన్స్ ఎడుంగమ్మా" అని లైసెన్సు తియ్యమంటే నేను మురుకుల డబ్బా మూత తీసి చూపించేదాన్ని. అతను స్టీరింగు కోసం వెతుక్కుంటూ లోపలికి తొంగిచూసేవాడు. మా అమ్మాయి వెనక సీటులో పడిపడి నవ్వేది. అత్తగారు కూడా ఆఖరి రోజుల్లో గుడికి ఆ బండిలోనే వచ్చేవారు, సచ్చిన ఎద్దు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ ఆయన పడిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. ఆస్పత్రినుంచి ఇంటికి వచ్చేసరికి కాలు కొంచెం తిరిగి వచ్చింది. చెయ్యి రాలేదు. మాట నేర్పే అమ్మాయి బొమ్మల అట్టలు చూపించి, "ఇదు ఎన్న, అయ్యా?" అని తమిళంలో అడిగేది. తర్వాత ఇంగ్లీషులో అడిగేది. ఆవు, దీపం, గొడుగు. ఆయన అట్టవంక చూసి తల వంచుకునేవారు. మేము బడిలో చదివింది తమిళమే, బయట వ్యాపారమంతా తమిళమే. కానీ ఇంట్లో ఒక మధ్యాహ్నం ఆయన గొంతులోనుంచి మొట్టమొదట వచ్చిన మాట "నీళ్ళు". నేను చెంబు పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, అప్పుడు ఇచ్చాను. ఆ తర్వాత రోజుకో రెండు మాటలు వచ్చేవి. ఒక్కొక్క మాటకి చెమట పట్టేది.

నడక మొదలైనప్పటినుంచి సాయంత్రం కాఫీ తాగాక నేను ఆయన్ని షెడ్డుకి తీసుకుపోయేదాన్ని. ఎడమ పక్క తలుపు తీసి, ముందు నడుము ఆనించి, తర్వాత కాళ్ళు ఎత్తి లోపల పెట్టి, స్టీరింగు ముందు కూర్చోబెట్టేదాన్ని. నేను తిరిగి వచ్చి నా సీటులో కూర్చుని, చెయ్యి చాపి ఇంజను స్టార్టు చేసేదాన్ని. బండి కదిలేది కాదు, ఊరికే పాడుతూ ఉండేది. ఆయన ఎడమ చెయ్యి చక్రం మీద పెట్టి, కళ్ళు మూసుకునేవారు. నేను ఆ రోజు సంగతులన్నీ చెప్పేదాన్ని. కూరగాయలామెతో తగువు, ఫౌండ్రీలో కరెంటు పోవడం, చేనులో పురుగు. దినమంతా ఆస్పత్రి వాసనతో ఉండే నాకు ఆ పెట్రోలు వాసన గంధంలా ఉండేది. చూడవచ్చిన వాళ్ళందరికీ చెప్పేదాన్ని, ఆయన ప్రాణం ఆ బండిలో ఉందని, దాని కోసమే ఆయన సాయంత్రం దాకా ఎదురుచూస్తారని.

కానీ తిరగని బండి చెడుతుంది. బ్రేకులు పట్టేశాయి. ట్యాంకులో తుప్పు దిగి, నేను ఎంత కడిగినా జెట్లు మూసుకుపోతున్నాయి. టైర్లు నిలబడినచోటే ఒక పక్క చదునైపోయాయి. నాకు డ్రైవింగు వచ్చు, చిన్న బండి నడుపుతాను. దాని క్లచ్చి మాత్రం నా మోకాలికి లొంగదు. లొంగినా, నేను ఎడమ పక్కకి పోతే కుడి పక్క కూర్చుని చూసేది ఎవరు? ఇంత కష్టపడి బతికించిన దాన్ని కళ్ళముందే మళ్ళీ చంపుతున్నానని నాకు తెలుస్తూనే ఉంది. అమ్మితే అది బతుకుతుంది. ఈయన ఏమైపోతారో తెలియదు. ఆ భయంతోనే ఏడాది పైన నాన్చాను.

వాడిపట్టి పెద్దాయన కాలం చేశాడు. ఆయన కొడుకు ద్రాక్షతోటలు పెట్టి నిలదొక్కుకున్నాడు. చిన్నప్పుడు ఆ కోళ్ళ మధ్య వెనక సీటులో ఆడుకున్నవాడు. బండి అమ్మేటట్టుంటే తనకే చెప్పమని కబురు పెట్టాడు. మా అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది.

"అమ్మా, నాయనని నేను కసరత్తుకి ఆస్పత్రికి తీసకపోతాను కదా. ఆ పొద్దులో వాండ్లు వచ్చి బండి తీసకపోనీ. కళ్ళముందు పోతే తట్టుకోడు. ఊరికే ఏంటికి ఆయన్ని నొప్పించేది?"

నాకు ఒళ్ళు మండింది. "మన ఇంట్లో ఎద్దును ఎప్పుడన్నా అట్ల అమ్మినారా?" అన్నాను.

అమ్మాయికి తెలియదు, అది పుట్టేసరికి చేనులో ట్రాక్టరు వచ్చేసింది. మాలో ఎద్దును అమ్మితే కొన్నవాడు తన పలుపు తానే తెచ్చుకోవాలి. మా మెడతాడు మేము విప్పుకుంటాం, ఇవ్వం. తాడుతోపాటు ఇంటి లక్ష్మి పోతుందని నమ్మకం. అంతకన్నా ముఖ్యం, దాన్ని సాకిన మనిషి దాని వీపు మీద చెయ్యి వేసి పొమ్మని చెప్పాలి. చెప్పకుండా తోలుకుపోతే కొత్త కొట్టంలో అది మేత ముట్టదంటారు. ముట్టకపోవడం నేను చూడలేదు. ఎందుకంటే చెప్పకుండా తోలిన ఎద్దు మా వంశంలో లేదు. మాట పడిపోయినంత మాత్రాన యజమాని కాకుండా పోతాడా అని అమ్మాయిని కేకలేశాను. అది మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం షెడ్డులో, నా సీటులో కూర్చుని, ఇంజను స్టార్టు చెయ్యకుండా చెప్పాను. "బావా, వాడిపట్టివాండ్లు బండి అడగతా ఉండారు. నిలబడి నిలబడి ఇది చెడిపోతా ఉండాది. ఇచ్చేద్దామా? మీరు వద్దంటే వద్దు."

ఆయన కళ్ళు తెరిచి నా ముఖంలోకి చూశారు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. దానికన్నా తిట్టినా బాగుండేది. ఆ చూపు నాకు నిద్ర లేకుండా చేసింది. మర్నాడు మళ్ళీ అడిగాను. మళ్ళీ నా ముఖమే చూసి, ఎడమ చెయ్యి నా భుజం మీద వేసి, మెల్లగా తల ఊపారు. ఆ తల ఊపడంలో సంతోషం లేదు. నా కష్టం చూడలేక తన ప్రాణం ఇచ్చేస్తున్నారని అనుకున్నాను. అయినా కబురు పంపాను.

వాడిపట్టినుంచి అతను ఒక మంచి రోజు చూసుకుని వచ్చాడు. నలభై దాటిన మనిషి, చెప్పులు వాకిట్లోనే విడిచి, ఈయన ముందు వంగి, "అన్నా, నేను తోలేది మీరు ఒక సారి చూడవల్ల. మీకు సరి అనిపిస్తేనే తీసకపోతాను" అన్నాడు. అంతకుముందు మెకానిక్కుని పెట్టి బ్రేకులు, ట్యాంకు, టైర్లు బాగు చేయించి ఉంచాను. అతను ఎడమ పక్క కూర్చున్నాడు. ఈయన్ని నా సీటులో కూర్చోబెట్టాం. నేను మొదటిసారి వెనక సీటులో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను.

అన్నూరు రోడ్డు ఎక్కాం. ముందు పత్తి మూటల లారీ ఒకటి తాబేలు నడక నడుస్తోంది. అతను దాని వెనకే పోతూ ఉన్నాడు, దాటడానికి ధైర్యం చాలడం లేదు. నాకు వెనకనుంచి ఏమీ కనపడడం లేదు. అలవాటుకొద్దీ నోరు తెరిచాను, మూసుకున్నాను.

"ఆగు" అన్నారు ఈయన.

ఎదురుగా ఒక బస్సు రయ్యిమని వెళ్ళింది. మంచినీళ్ళు అడగడానికే చెమటపట్టే మనిషి. ఆయన మెడ ముందుకి చాచి, లారీ అంచునుంచి రోడ్డును చూస్తున్నారు.

"ఇంక పో" అన్నారు.

అతను తొక్కాడు. ఎనిమిది సిలిండర్లూ ఒక్క గొంతుతో లేచాయి. లారీ వెనకపడింది. అతను నవ్వుతూ, "సరిగా చెప్పినారన్నా" అన్నాడు. ఈయన నవ్వలేదు, ముందుకే చూస్తూ ఉన్నారు. వెనక కూర్చున్న నాకు ఆయన మెడ ఒక్కటే కనిపించింది. జబ్బు పడ్డాక అది ఎంత సన్నబడిందో అప్పుడే చూశాను.

ఇంటికి వచ్చాక అతను తాళం చెవిని మా పాత రింగునుంచి తీసి, తను తెచ్చుకున్న పసుపు తాడుకి కట్టుకుని, రింగును ఈయన ఎడమ చేతిలో పెట్టాడు. "మీ తాడు మీకే" అన్నాడు. చెప్పకుండానే తెలిసిన మనిషి. నాకు అతని మీద గౌరవం కలిగింది. నేను ఈయన్ని పట్టుకుని బండి ముందుకి నడిపించాను. ఆయన బానెట్ మీద అరచెయ్యి పెట్టారు. ఇంకా వేడిగా ఉందేమో, తీసి, మళ్ళీ పెట్టారు. "పో" అన్నారు. కొంచెం ఆగి, "బాగుండు" అన్నారు. అతను దండం పెట్టి ఎక్కాడు. సందు మలుపు తిరిగాక కూడా ఆ శబ్దం చాలాసేపు వినపడింది. తర్వాత పక్కింటి టీవీ వినపడింది.

సాయంత్రం కాఫీ తాగాం. గ్లాసులు కడిగి వచ్చి, అలవాటుగా ఆయన్ని లేపడానికి చెయ్యి అందించాను. అందించాక గుర్తొచ్చింది, తీసుకుపోవడానికి ఇక చోటు లేదని. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. నాకు ఏడుపు వచ్చింది. అత్తగారు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. వసారా మెట్టు మీద కూలబడి, "మీ ప్రాణాన్ని నా చేతులతోనే పంపిచ్చేసినాను బావా" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. కుర్చీలో ముందుకి వంగారు. నోరు తెరిచి, మాట దొరక్క, మూసి, మళ్ళీ తెరిచారు. నుదుటిమీద చెమట పట్టింది. నేను ఏడుపు ఆపి ఆయన నోటివంకే చూస్తున్నాను.

"నాకు... కష్టం" అన్నారు. ఎడమ చేత్తో, ఒళ్ళో పడి ఉన్న కుడి చేతిని ఎత్తి చూపించి, వదిలేశారు. అది ధప్పున ఒళ్ళో పడింది. "ఆడ... కూసుంటే... కష్టం."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమవుతూ ఉంటే ఆ సాయంత్రాలన్నీ కళ్ళముందు తిరిగాయి. స్టీరింగు ముందు, పని చెయ్యని చేత్తో, పాడే ఇంజను వెనక, కదలని బండిలో దినమూ కూర్చోబెట్టాను. కళ్ళు మూసుకునేవారు కదా. సుఖంగా ఉంది కాబోలు అనుకున్నాను.

"మరి దినమూ ఏంటికి వస్తిరి బావా? ఒక్క తూరి వద్దనొచ్చు కదా?"

ఆయన చాలాసేపు మాట కోసం వెతికారు. నేను తొందరపెట్టలేదు. వీధిలో పాలబండి వచ్చి వెళ్ళింది.

"ఆడనే..." అన్నారు, "నువ్వు... నవ్వతా ఉంటివి."